పాస్తా సలాడ్: ఆదివారం చేసి ఆఫీసుకు తీసుకెళ్తున్నారా..? ఈ ఒక్క తప్పు మాత్రం చేయొద్దు!

ఆదివారం రాత్రి 9 గంటలు. నార్సింగిలోని చాలా అపార్ట్‌మెంట్ల కిచెన్లలో ఒకటే ప్రశ్న.. రేపు లంచ్ బాక్సులోకి ఏంటి? పొద్దున్నే లేచి అన్నం, కూర వండి, 8:30కల్లా క్యాబ్ ఎక్కి, గచ్చిబౌలి ట్రాఫిక్ దాటుకుని ఆఫీసు చేరాలంటే అయ్యే పని కాదు. రోజూ ఆర్డర్ పెట్టుకుంటే జేబుకు చిల్లు, కడుపుకూ ఇబ్బందే. అందుకే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట, మణికొండ వైపు ఉద్యోగుల్లో చాలామంది వీకెండ్‌లోనే వండి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఈ లిస్టులో ఈజీగా చోటు దక్కించుకునే వంటకం మెడిటరేనియన్ స్టైల్ పాస్తా సలాడ్.

వేడి చేయక్కర్లేదు. చల్లగానే తినొచ్చు. మైక్రోవేవ్ దగ్గర క్యూలో నిల్చునే పని లేదు. కూరగాయలు, శనగలు, పనీర్ అన్నీ ఒకే బాక్సులో వచ్చేస్తాయి. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ముందు రోజే చేసి పెట్టుకునే ఈ సలాడ్‌లో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అది రుచికి సంబంధించింది కాదు.. ప్రాణానికి సంబంధించింది.

అసలు ఏం జరిగిందంటే..

2003 ఆగస్టు. బెల్జియంలో ఓ కుటుంబం శుక్రవారం పాస్తా సలాడ్ చేసుకుంది. శనివారం పిక్నిక్‌కు తీసుకెళ్లింది. మిగిలింది ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. సోమవారం సాయంత్రం అదే సలాడ్ ఐదుగురు పిల్లలు తిన్నారు. ఐదుగురికీ వాంతులు మొదలయ్యాయి. వారిలో ఏడేళ్ల పాప లివర్ పూర్తిగా దెబ్బతిని చనిపోయింది. తర్వాత పరిశీలిస్తే తేలిన విషయం.. ఆ ఇంటి ఫ్రిజ్ లోపల ఉష్ణోగ్రత 14 డిగ్రీలు. అంటే సలాడ్ ఫ్రిజ్‌లోనే ఉంది.. కానీ ఆ ఫ్రిజ్ సరిపడా చల్లగా లేదు. ఈ కేసు తర్వాత వైద్య పత్రికల్లో ప్రచురితమైంది.

2008లో అదే దేశంలో మరో ఘటన. 20 ఏళ్ల విద్యార్థి, ఐదు రోజులు కిచెన్‌లో బయటే ఉన్న స్పగెట్టీని మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిన్నాడు. ఆ రాత్రే ప్రాణాలు పోయాయి. వేడి చేసినా ఫలితం లేకపోయింది.

ఇలాంటి మరణాలు చాలా అరుదు. పాస్తా అంటేనే భయపడాల్సిన పని లేదు. అయితే రెండు ఘటనల్లోనూ కారణం ఒకటే.. వండిన పాస్తా ఎంతసేపు, ఎంత వేడిలో ఉంది అన్నదే.

వేడి చేస్తే సరిపోదా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. బియ్యం, గోధుమ లాంటి ధాన్యాల్లో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది. ఇది స్పోర్ల రూపంలో, అంటే గట్టి పెంకు ఉన్న విత్తనంలా దాక్కుని ఉంటుంది. పాస్తాను మరిగే నీళ్లలో ఉడికించినా కొన్ని స్పోర్లు బతికే ఉంటాయి. ఉడికిన పాస్తా గోరువెచ్చగా గిన్నెలోనే ఉండిపోతే అవి మేల్కొని, గంటల్లోనే లెక్కకు మించి పెరుగుతాయి. అలా పెరిగేటప్పుడు వాటిలో కొన్ని రకాలు సెరియులైడ్ అనే విషాన్ని వదులుతాయి.

ఆ విషం వంట వేడికి చావదు. మైక్రోవేవ్‌లో పెట్టినా, పోపు వేసి మళ్లీ వేయించినా పోదు. వాసన చూసి కనిపెడదామంటే అదీ నమ్మకం లేదు. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్నే ఫ్రైడ్ రైస్ చేసుకుని కొందరు వాంతులతో ఇబ్బంది పడటానికి కూడా ఈ బ్యాక్టీరియానే కారణం కావచ్చు.

మరి మన పులిహోర రోజంతా ప్రయాణంలో ఉన్నా ఏమీ కాదు కదా అనిపించొచ్చు. చింతపండు పులుపు, నూనె, ఉప్పు, పసుపు గట్టిగా పడతాయి కాబట్టి బ్యాక్టీరియా అంత వేగంగా పెరగదు. పాస్తా సలాడ్‌లో పిండే రెండు నిమ్మకాయలకు అంత బలం ఉండదు. పైగా అందులో పనీర్, శనగలు, తడి ఉన్న కూరగాయ ముక్కలు ఉంటాయి. కాబట్టి దీన్ని పులిహోరలా బ్యాగులో పడేసుకుని తిరగడం కుదరదు.

మయోనైజ్ ఎందుకు వద్దు?

పాస్తా సలాడ్ అనగానే చాలామందికి తెల్లటి మయోనైజ్ గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో మోమోలు తిన్న తర్వాత ఓ మహిళ చనిపోవడం, పలువురు అస్వస్థతకు గురికావడంతో తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌పై ఏడాది నిషేధం విధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది.

మెడిటరేనియన్ స్టైల్‌లో అసలు మయోనైజ్ అవసరమే లేదు. ఇటలీ, గ్రీస్ లాంటి మధ్యధరా తీర దేశాల వంటలో ఆలివ్ ఆయిల్, నిమ్మరసం, ఆకుకూరలు, పప్పుదినుసులదే పెద్దపీట. ఈ ఆహార సంప్రదాయాన్ని యునెస్కో 2010లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే మయోనైజ్ తీసేసినంత మాత్రాన సలాడ్ బయట పెట్టేయొచ్చని కాదు. ఇందాక చెప్పుకున్న బ్యాక్టీరియా పాస్తాలోనే ఉంటుందన్నది మర్చిపోవద్దు.

కావాల్సినవి (ఇద్దరికి రెండు రోజులు, 4 బాక్సులు)

పాస్తా 250 గ్రాములు. ఫ్యుసిల్లీ, పెన్నె లాంటి పొట్టి రకాలైతే మంచిది, మెలికల్లో డ్రెస్సింగ్ పట్టుకుంటుంది. ప్యాకెట్ మీద దురుమ్ గోధుమ రవ్వ అని ఉన్నదే తీసుకోండి. మైదా పాస్తా మర్నాటికి ముద్దవుతుంది.

కాబూలీ శనగలు 100 గ్రాములు, పనీర్ 150 గ్రాములు, కీర దోసకాయ 1, టమాటాలు 3, క్యాప్సికం 1, చిన్న ఉల్లిపాయ 1, నల్ల ఆలివ్స్ 12 నుంచి 15, గుప్పెడు పుదీనా లేదా కొత్తిమీర.

డ్రెస్సింగ్‌కు ఆలివ్ ఆయిల్ 4 టేబుల్ స్పూన్లు, నిమ్మరసం 3 టేబుల్ స్పూన్లు, మిరియాల పొడి అర టీస్పూన్, ఒరెగానో 1 టీస్పూన్, తగినంత ఉప్పు.

ఫెటా చీజ్ ఖరీదు ఎక్కువ. దాని బదులు పనీర్ ముక్కలకు కాస్త ఉప్పు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచితే ఆ పుల్లటి ఉప్పదనం చాలావరకు వచ్చేస్తుంది. ఆలివ్స్ నచ్చకపోతే మానేయొచ్చు.

చేసే విధానం.. స్టెప్ బై స్టెప్

1. శనగలను 8 గంటలు నానబెట్టి కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. నీళ్లు వంపేసి చల్లార్చండి.

2. పెద్ద గిన్నెలో రెండున్నర లీటర్ల నీళ్లు మరిగించి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఉప్పు వేయండి. తర్వాత పాస్తా వేయండి. మామూలుగా పాస్తా కాస్త పలుకుగా ఉండాలంటారు. కానీ సలాడ్‌కు అది పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టాక పాస్తా గట్టిపడుతుంది. అందుకే ప్యాకెట్ మీద రాసిన టైమ్‌కు ఒక నిమిషం ఎక్కువే ఉడికించండి.

3. చిల్లుల గిన్నెలో వంపి, చల్లటి నీళ్లతో కడగండి. ఇక్కడ జాగ్రత్త! ఆ నీళ్లు తాగే నీళ్లే అయి ఉండాలి. బోరు నీళ్లతోనో, ట్యాంకు నుంచి వచ్చే ట్యాప్ వాటర్‌తోనో కడిగితే శుభ్రంగా ఉడికిన పాస్తాలోకి కొత్త క్రిములను మనమే పంపినట్టు. ఫిల్టర్ నీళ్లు ఒక బాటిల్‌లో ముందే ఫ్రిజ్‌లో పెట్టి ఉంచుకుంటే సరి.

4. నీళ్లు పూర్తిగా వార్చి, ఒక స్పూన్ ఆలివ్ ఆయిల్ కలిపి, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరవండి. ఫ్యాన్ కింద పెడితే 15, 20 నిమిషాల్లో చల్లారిపోతుంది. వేడి పాస్తాను లోతైన గిన్నెలో మూత పెట్టి వదిలేస్తే మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. మొత్తం వంటలో చేయకూడని తప్పు ఇదే.

5. కీర, టమాటా గింజల భాగం తీసేసి ముక్కలు కోయండి. లేదంటే మర్నాటికి బాక్సు అడుగున నీళ్లు చేరతాయి. ఉల్లిపాయ ముక్కల్ని పది నిమిషాలు చల్లటి తాగునీటిలో వేస్తే ఘాటు తగ్గుతుంది.. మీటింగ్‌లో పక్కవాళ్లకు ఇబ్బంది ఉండదు.

6. డ్రెస్సింగ్‌ను మూత ఉన్న సీసాలో వేసి గట్టిగా గిలక్కొట్టండి. సగం ఇప్పుడు కలపండి, మిగతా సగం చిన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పాస్తా రాత్రికి రాత్రే నూనె, నిమ్మరసం పీల్చేసుకుంటుంది. తినేముందు మిగతా సగం కలిపితేనే ఫ్రెష్‌గా ఉంటుంది.

7. పాస్తా, శనగలు, పనీర్, క్యాప్సికం, ఆలివ్స్ కలిపి నాలుగు బాక్సుల్లో సర్దండి. టమాటా, కీర, ఉల్లి, పుదీనా విడిగా పెట్టుకుని ఏ రోజుకారోజు పొద్దున కలుపుకుంటే రెండో రోజు కూడా కరకరలాడతాయి.

ఫ్రిజ్‌లో ఆలివ్ ఆయిల్ తెల్లగా గడ్డకట్టినట్టు కనిపిస్తే కంగారు పడకండి. పాడైనట్టు కాదు. తినేముందు కాసేపట్లోనే మళ్లీ కరుగుతుంది. పచ్చి వెల్లుల్లి ఇష్టమైతే తినే రోజే వేసుకోండి. వెల్లుల్లి వేసిన నూనెను బయట నిల్వ పెట్టడం ప్రమాదకరం.

ఒక్కో బాక్సులో సుమారు 550 నుంచి 600 కేలరీలు, దాదాపు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. బరువు తగ్గాలనుకునేవాళ్లు పాస్తా తగ్గించి శనగలు, కూరగాయలు పెంచుకోవచ్చు. ఆలివ్ ఆయిల్ ఆరోగ్యానికి మంచిదే కానీ, ఒక్క టేబుల్ స్పూన్‌కు 120 కేలరీలు ఉంటాయని మర్చిపోవద్దు.

గడియారం చూసుకోవాల్సింది ఇక్కడే

చల్లగా తినే ఆహారాన్ని 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో ఉంచాలన్నది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. వండిన ఆహారం బయట రెండు గంటలకు మించి ఉండకూడదని, బయటి వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతోంది. హైదరాబాద్ ఎండాకాలంలో 40 డిగ్రీలు మామూలే కదా!

ఇప్పుడు లెక్క వేసి చూడండి. పొద్దున 8:30కు ఇంట్లో బయల్దేరి, ఒంటి గంటకు బాక్సు తెరిస్తే నాలుగున్నర గంటలు. ఆఫీసులో ఏసీ ఉంది కదా అనుకోవద్దు. ఏసీ 24 డిగ్రీలు మనకు చల్లగా ఉంటుంది, బ్యాక్టీరియాకు మాత్రం హాయిగా ఉంటుంది.

పరిష్కారం సింపుల్. బాక్సును పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ఇన్సులేటెడ్ లంచ్ బ్యాగులో పెట్టండి. పక్కనే రాత్రే డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన చిన్న వాటర్ బాటిల్ పెట్టండి. ఆఫీసు చేరగానే ప్యాంట్రీ ఫ్రిజ్‌లోకి మార్చండి. బైక్ డిక్కీలో, ఎండలో పార్క్ చేసిన కారులో అసలు వదలొద్దు. ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే ఆ రోజుకు పులిహోరో, చపాతీనో పట్టుకెళ్లడం మేలు.

ఇంట్లో ఫ్రిజ్ సంగతీ చూసుకోండి. కుక్కి కుక్కి నింపితే లోపల చల్లగాలి తిరగదు. ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొని ఒక రోజు ఉంచి చూస్తే అసలు విషయం తెలిసిపోతుంది. సలాడ్‌ను డోర్‌లో కాకుండా లోపలి అరలో పెట్టండి. కరెంటు పోతే డోర్ తెరవకుండా ఉంటే ఫ్రిజ్‌లోని చల్లదనం నాలుగు గంటల వరకు నిలుస్తుంది. అంతకంటే ఎక్కువసేపు కరెంటు లేకపోతే సలాడ్ పారేయడమే మంచిది.

ఎన్ని రోజులు తినొచ్చు?

ఆదివారం రాత్రి చేసింది సోమ, మంగళవారాలకు బెస్ట్. ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తుంటే బుధవారం మధ్యాహ్నం వరకు పర్వాలేదు. ఆ తర్వాత ఎంత మిగిలినా పారేయండి. బాక్సు మూత మీద తేదీ రాసిన స్టిక్కర్ అంటించుకుంటే గొడవే ఉండదు. ఆఫీసులో బయట పెట్టి, సగం తిని మిగిల్చిన బాక్సును మళ్లీ ఇంటికి తెచ్చి పిల్లలకు పెట్టడం మాత్రం అస్సలు వద్దు. బెల్జియంలో జరిగింది దాదాపు అదే.

తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే ఫుడ్ పాయిజన్ అని అనుమానించాలి. ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, కళ్లు పచ్చగా మారినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ల విషయంలో అస్సలు ఆగొద్దు. అత్యవసరమైతే 108కు కాల్ చేయండి.

త్వరగా చల్లార్చడం, చల్లగా ఉంచడం, మూడో రోజు దాటితే పారేయడం.. ఈ మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. ఆదివారం రాత్రి ఒక గంట కష్టపడితే, సోమవారం పొద్దున గంట నిద్ర ఎక్కువ దొరుకుతుంది. మధ్యాహ్నం బాక్సు తెరిచినప్పుడు ఏ భయమూ లేకుండా తినొచ్చు!