మడిలో నీళ్లు, మనిషిలో దిగులు

మన వరిమడి గ్యాస్ వదులుతుందంటే నమ్ముతారా పిల్లలూ? నవ్వకండి, ఇట్ల దగ్గరికి జరగండి. దమ్ము చేసి, నాటేసి, నెలల తరబడి నీళ్లు నిలబెడతాం కదా. ఆ నీళ్ల కింద బురదకు గాలి ఆడదు. గాలి ఆడని చోటే హాయిగా బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. పాత కొయ్యకాళ్లూ, కుళ్లిన వేర్లూ వాటికి విందు. ఆ విందయ్యాక అవి వదిలేదే మీథేన్. గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదీ ఇదే. కాకపోతే తొట్టికి మూత ఉంటుంది, మడికి ఉండదు. గమ్మత్తేమిటంటే, ఈ గ్యాస్‌లో ఎక్కువ భాగం బుడగలుగా రాదు. వేర్లకు గాలి అందడానికి వరి కాడలో సన్నని దారులుంటాయి, వాటిలోంచే పైకి ఎగబాకుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే, కిలో మీథేన్ కిలో బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది.

వరిని తిట్టడానికి కాదురా ఈ కబురు. 1967లో నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలాకే కదా మిర్యాలగూడ, కోదాడ వైపు ఇంత పచ్చదనం! మిర్యాలగూడ చుట్టూ అన్ని రైస్ మిల్లులు ఊరికే వచ్చాయా?

దీనికి విరుగుడు ఉంది, తేలికైనదే. మడిని తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడపడం. చిల్లులు పెట్టిన గొట్టం ఒకటి మడిలో పాతితే, లోపల నీరెంత దిగిందో కనబడుతుంది. నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ నీళ్లు పెడితే చాలు. పూత దశలో మాత్రం ఆరనివ్వొద్దు. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, పద్ధతిగా చేస్తే దిగుబడీ పడిపోదు.

మరి అందరూ చెయ్యరేం? అక్కడుంది మనిషి గుణం. వంద రూపాయలు దొరికిన సంతోషం కంటే వంద పోయిన బాధే మనకు పెద్దదని కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు పండితులు 1979లో రాశారు. సాగర్‌లో నీళ్లు తక్కువైన ఏడాది కాలువకు వంతుల వారీగా వదులుతారు. మళ్లీ వస్తాయో రావో! చివరి భూముల రైతుకైతే ఆ దిగులు మరీ ఎక్కువ. వచ్చినప్పుడే గట్టు నిండా పట్టుకుంటాడు. సూర్యాపేట వైపు బోరు రైతుదింకో కథ. కరెంటు ఎప్పటినుంచో ఉచితం, 2018లో 24 గంటలూ ఇవ్వడం మొదలైంది. మోటరు కట్టేస్తే చేతికి మిగిలేదేమిటి?

పైగా మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. కనబడనిదానికి దిగులు పడం. అదే 2024 సెప్టెంబర్ మొదట్లో కోదాడలో వాన కుమ్మరించింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అది కంటికి కనబడింది, గుండె అదిరింది. ఆ ఒక్క వానను మన మడుల మీద వెయ్యలేం గానీ, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుంది. మడికీ మబ్బుకీ మధ్య ఉన్న ఆ దారం ఎవరికి కనబడుతుంది చెప్పండి?

అయితే మనిషికి ఇంకో గుణమూ ఉంది. పక్కవాడి చేను చూడకుండా ఉండలేడు! ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా ఆవిడ నీళ్లు, అడవులు పంచుకునే ఊళ్లను ఏళ్ల తరబడి గమనించింది. కట్టుబాట్లు తామే పెట్టుకుని, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచే ఊళ్లు ఉమ్మడి సొత్తును కాపాడుకోగలవని తేల్చింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకుంది. మన రైతులూ కొత్త విత్తనాన్ని నమ్మేది పక్క చేను గట్టు మీద నిలబడి వెన్ను చూశాకే కదా.

అందుకని ఈ వానాకాలం ఒక్క మడిలోనైనా గొట్టం పాతమని మీ నాయనను అడగండి. ఎక్కడో మూల మడిలో వద్దు, బాట పక్కనే పాతమనండి. పోయేవాళ్లు ఆగి "ఇదేంది?" అని అడగాలి మరి!