దారిపక్కన ఆగిన సేవ

యెరికో దారిలో సమరయుడు ఆగాడు. మన చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరులోనూ అలా ఆగిన ఒక యువతి ఉన్నారు, ఐడా స్కడర్. అమెరికన్ మిషనరీల ఇంట 1870లో రాణిపేటలో పుట్టి, చదువుకు అమెరికా వెళ్లారు. తల్లి జబ్బుపడడంతో తిరిగి వచ్చారే గాని, ఇక్కడ ఉండిపోవాలన్న తలంపే ఆమెకు లేదు.

తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు ఆమె తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. మగ డాక్టరు వద్దన్నారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ఆ తల్లులు ముగ్గురూ కన్నుమూశారు.

ఆమె మళ్లీ అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1900లో తిరిగి వచ్చారు. ఊరూరా దారిపక్కనే రోగులను చూశారు. 1918లో ఇక్కడి యువతుల కోసం వైద్య పాఠశాల తెరిచారు. తాను నేర్చినది తనతోనే ఆగిపోనివ్వలేదు.

పౌరవిద్య, ప్రజాసేవ నేర్పుతూ యువతను దేశాలు దాటించే కార్యక్రమాలు నేడు ఉన్నాయి. మన సంఘాల బిడ్డలు వెళ్తుంటే సంతోషిస్తాం, ప్రార్థించి పంపుతాం. తిరిగి వచ్చాక ఏం తెచ్చారని మాత్రం అడగం. ఫొటోలు చూసి ఊరుకుంటాం. పింఛను దరఖాస్తు రాయడం తెలియని విధవరాలు, ఆస్పత్రిలో ఎటు పోవాలో తెలియని వృద్ధుడు మన వీధిలోనే ఉన్నారు. వారి దగ్గర ఆగినప్పుడే ఆ ప్రయాణం పూర్తవుతుంది.