ఎన్‌టీ స్కాన్

గర్భిణులకు మూడో నెల చివర్లో డాక్టర్లు రాసే స్కాన్ ఇది. కడుపులో బిడ్డ మెడ వెనక, చర్మం కింద సన్నని నీటి పొర ఉంటుంది. దాని మందాన్ని అల్ట్రాసౌండ్‌తో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 11వ వారం నుంచి 13 వారాల 6 రోజుల లోపే ఈ కొలత పనికొస్తుంది. పొర మందంగా ఉంటే, 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండే డౌన్ సిండ్రోమ్‌కు అవకాశం ఎక్కువని 1992లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రికి చెందిన కైప్రోస్ నికొలాయిడిస్ బృందం చూపింది. గుండె లోపాలకూ ఇది సూచన కావచ్చు.

స్కాన్‌కు తల్లి వయసు, రెండు రక్తపరీక్షల ఫలితాలు కలిపి లెక్కిస్తే, డౌన్ సిండ్రోమ్ ఉన్న ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమందిని ముందే గుర్తించవచ్చు. అయితే రిపోర్టులో ‘హై రిస్క్’ అని వచ్చినంత మాత్రాన బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టు కాదు. ఇక్కడే ఎన్నో కుటుంబాలు అనవసరంగా కుంగిపోతున్నాయి. అలా వచ్చినవారిలో ఎక్కువమందికి ఆ సమస్య లేని పిల్లలే పుడతారు. నిర్ధారణకు మాయలోని కణాలనో, ఉమ్మనీటినో తీసి పరీక్షించాలి. వీటితో గర్భస్రావం ముప్పు స్వల్పంగా ఉంటుంది. ‘హై రిస్క్’ రిపోర్టు చేతికొస్తే కంగారులో ఏ నిర్ణయమూ తీసుకోకండి. ముందు జన్యు నిపుణులతో మాట్లాడండి.