నిలువ నీడ లేనివారికి దంతరక్షణము

దేవాలయ మండపములందును, సత్రముల అరుగులపైనను, బస్సు స్టాండులందును, రైలు స్టేషను బల్లలపైనను రాత్రులు గడపువారు మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములందును కలరు. శివరాత్రికి దోర్నాల మీదుగా శ్రీశైలమునకు కాలినడకను పోవు యాత్రికులు వేరు. వారికి తిరిగి చేరుకొనుటకు ఇల్లున్నది. నేను చెప్పబూనినది ఏ వాకిటను తమకై దీపము వెలుగనివారిని గూర్చి. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో భారతదేశమున ఇట్టివారు సుమారు 17 లక్షల 70 వేల మందిగా తేలిరి. వీరికి పిలిచి అన్నము పెట్టువారు మన గ్రామములలో ఇంకను ఉన్నారు. ఆ అన్నమును నమలుటకు వారికి పళ్ళున్నవా యని అడుగువారు మాత్రము అరుదు.

ఒక సత్రములో ఒక వృద్ధునికి ప్రతిదినము జొన్నరొట్టె పెట్టుచుండిరి. అతడు సగము తిని సగము కుక్కకు వేయుచుండగా, పెట్టువారు విసిగి, వీనికి తిండి ఎక్కువైనదనిరి. నేను ప్రక్కన కూర్చుండి, “పెద్దాయనా, రొట్టె నములుతున్నారా, నానబెట్టుకొని మింగుతున్నారా?” అని అడిగితిని. “నమిలితే ప్రాణం పోతుంది పంతులుగారూ. అంచులు కుక్కకేసి మెత్తనిది మింగుతున్నా” అని అతడు చెప్పెను. చూడగా దవడపళ్ళు ఇరువైపుల పుచ్చి గుంటలు పడియుండెను. అంతకు మునుపే ఎవరో అతనికి దినమునకు రెండు మారులు పళ్ళు తోముకొమ్మనియు, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపుమనియు చెప్పి పోయిరట. అతనికి గ్లాసు లేదు, ఉప్పు లేదు, బ్రష్షు దాచుకొనుటకు సంచియైనను లేదు. మంచి మాటయే; కాని ఇల్లున్నవానికి చెప్పవలసిన మాటను ఇల్లు లేనివానికి చెప్పిరి.

కావున సలహా చెప్పబోవు పెద్దలు ముందుగా ఎదుటివాని యొద్ద ఏమున్నదో కనుగొనవలెను. ఎక్కడ పండుకొనుచున్నాడు? నీరు ఎచ్చట దొరకును? దినమున ఏమి తినుచున్నాడు? నొప్పి ఉన్నదా? ఈ నాలుగు సంగతులు తెలిసిన పిమ్మట చెప్పు మాటయే పనికివచ్చును. నోరు చూపుమని పదుగురిలో అడుగరాదు. అవ్వయైనచో ఆడువారి చేతనే అడిగించుట మేలు.

నీరు లేనిదే పళ్ళు తోముట ఎట్లని పలువురు సందేహింతురు. ఇప్పటి దంతవైద్యులు చెప్పునది మనకు వింతగా తోచును: ఫ్లోరైడు గల పేస్టుతో తోమిన తరువాత నురుగును ఉమ్మివేయవలెనే గాని, నీటితో పుక్కిలింపనక్కరలేదు. పుక్కిలించినచో పంటిపై నిలిచి మేలు చేయవలసిన మందు కొట్టుకొని పోవును. అనగా శనగగింజంత పేస్టు, ఒక బ్రష్షు ఉన్నచో చుక్క నీరు లేకున్నను పని జరుగును. రెండు పూటలును కుదరనిచో, రాత్రి పండుకొనబోవు ముందు తోముట మానరాదు; నిద్రలో లాలాజలము తగ్గును గనుక పుచ్చు అప్పుడే బలపడును. ఒకరి బ్రష్షు వేరొకరు వాడరాదు. చిగుళ్ళ రక్తము ద్వారా కామెర్ల వంటి వ్యాధులు అంటుకొనవచ్చును. ఇచ్చిన బ్రష్షు పోగొట్టుకొన్నచో కోపింపక మరియొకటి ఇయ్యవలెను. తలక్రింది మూట సైతము దొంగలపాలగు బ్రతుకులో బ్రష్షు పోవుట వింత కాదు.

బ్రష్షు లేనివారికి మన చెట్లే దిక్కు. సుశ్రుతుడు చేదు రుచి గలవానిలో వేపను, కారము గలవానిలో కానుగను, వగరు గలవానిలో చండ్రను, తీపి గలవానిలో ఇప్పను శ్రేష్ఠములని చెప్పినాడు. పుల్ల పండ్రెండంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు ఉండవలెననియు కొలత పెట్టినాడు. ఇక్కడ అంగుళమనగా వ్రేలి వెడల్పు. నేటి బడిపిల్లల స్కేలుపై అంగుళము కాదు. వాగ్భటుడు నోటిపూత గలవారికి, జ్వరము, దగ్గు, వాంతులు గలవారికి దంతకాష్ఠము కూడదని నిషేధించెను. ఇది అనుభవమునకు సరిపోవు మాట. నోరు పుండైనవానికి పుల్ల చేతికిచ్చుట తగదు. తడిసిన శుభ్రమైన గుడ్డను వ్రేలికి చుట్టి పళ్ళను తుడుచుకొనుమనవలెను. పుల్లయే గొప్పది, పేస్టు దండుగ యని వాదించు మిత్రులు నాకు కలరు. పుల్ల పాచిని తీయును, ఫ్లోరైడు నీయజాలదు. దొరికినచో రెండును వాడుకొనవచ్చును. ఇటుకపొడి, బొగ్గు, ఇసుక కలిసిన బూడిద మాత్రము పంటిపై గట్టి పొరను అరగదీయును.

ఇటుకపొడి మాట వచ్చినది గనుక మన సీమకు ముఖ్యమైన సంగతి యొకటి చెప్పవలెను. గోధుమవన్నె చారలతో గరుకెక్కిన పళ్ళు గలవానిని చూచి, వీడెన్నడును పళ్ళు తోముకొనడని మనవారు ఎగతాళి చేయుదురు. అది మురికి కాదు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న కాలమున, 1937లో, ఆ ప్రాంతపు జనులకు బావినీటిలోని ఫ్లోరైడు వలన పళ్ళకును ఎముకలకును కలిగిన చెరుపును వైద్యులు ప్రకటించిరి. 1970లో ఏర్పడి 1972లో ప్రకాశము పేరు పొందిన జిల్లాలో ఆ తాలూకాలును, కర్నూలు నుండి మన మార్కాపురము, గిద్దలూరులును చేరినవి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నియమము. పసితనమున పళ్ళు దవడలో తయారగుచున్నప్పుడు అట్టి నీరు త్రాగినవానికి ఆ చారలు పుట్టును. ఎంత రుద్దినను పోవు. మరి పేస్టులో అదే ఫ్లోరైడు ఎందుకందురేమో! ఏండ్ల తరబడి నీటితో మ్రింగినది వేరు, పెద్దవాడు పంటిపై పూసి ఉమ్మివేయునది వేరు. చారలు గలవానిని సిగ్గుపరచినచో వాడు నోరు తెరువడు. లోపలి పుండు సైతము దాచును.

పుణ్యమునకు పెట్టు తిండిలోనే కీడు చేయునది కలదు. నిరాశ్రయునికి మనము సులభముగా ఇచ్చునవి టీ, బిస్కట్లు, మిఠాయి. తీపి ఎంత తిన్నాడనుటకంటె దినమున ఎన్ని మారులు తిన్నాడనునది పంటికి ముఖ్యము; ప్రతి గుటకకును నోటిలో పులుపు పుట్టి పంటిని కరగించును. టీ అంగడి యజమానునితో చెప్పి చక్కెర తగ్గింపవచ్చును. అతడే గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి ఇయ్యగలడు. నమలలేనివారికి రొట్టెకు బదులు మెత్తని సంకటి, పప్పన్నము, మజ్జిగ, అరటిపండు మేలు.

పొగాకు విషయమున తొందరపడి తిట్టరాదు. ఆకలి చచ్చుటకును, పంటిపోటు మొద్దుబారుటకును ఖైనీ ముద్దను చిగురుకు అదుముకొనువారు పెక్కుమంది. నొప్పికి చికిత్స చేయింపక పొగాకు మానుమనుట వ్యర్థము. పోటునకు చిగురుపై ఆస్పిరిను మాత్ర పెట్టినను, కిరసనాయిలు పోసినను లోపలి చర్మము కాలును. లవంగము కొంత ఉపశమనమిచ్చును గాని పుచ్చును మాన్పదు. వక్క, గుట్కా, ఖైనీ అలవాటు గలవానిని తన మూడు వ్రేళ్ళను ఒకదానిపై నొకటి నిలిపి నోట పెట్టుకొనుమని అడుగుడు. అవి పట్టనిచో నోరు బిగుసుకొనుచున్నదని అర్థము. బుగ్గలోపల, నాలుకక్రింద తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, రెండు వారములు దాటియు మానని పుండు కనబడినచో అది కాన్సరునకు ఆరంభము కావచ్చును. నొప్పి లేదు గదా యని విడువరాదు.

దవడ క్రింద వాపు, జ్వరము, మ్రింగలేకపోవుట, నాలుక పైకి లేచుట, ఊపిరి ఆడకుండుట - ఇవి కనబడినచో తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేయవలెను. పంటి చీము మెడలోనికి దిగి గంటలలో ప్రాణము తీయగలదు. తక్కిన బాధలకు మార్కాపురము, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రులలో పంటి వైద్యులు ఏ దినమున కూర్చుందురో పెద్దలు ముందుగా తెలిసికొని ఉంచుకొనవలెను; ఆ దినమున నిరాశ్రయుని వెంట ఒకరు పోవలెను. ఒంటరిగా పోయిన ఒక ముసలమ్మ, చిరునామా అడిగినంతనే భయపడి ఒక ఆసుపత్రి వరుస నుండి వెనుదిరిగిన సంగతి నేనెరుగుదును. తోడు పోవువాడు ఆమె పేరు, బాధ ఎన్నాళ్ళుగా నున్నది, షుగరు వ్యాధి కలదా, ఏ మందులు పడవు అను నాలుగు ముక్కలు చీటిపై వ్రాసి తీసికొని పోవలెను. వైద్యుడిచ్చిన మందులను ఆమె చేతికిచ్చి మరచుట గాక, సత్రమువాని యొద్దనో, టీ అంగడిలోనో ఉంచి వేళకు ఇప్పింపవలెను.