అనంతగిరి చలువకు లెక్క

ఆదివారం పొద్దున హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ దాటితే కార్లన్నీ ఒకటే దిక్కు. మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్, అక్కణ్నుంచి అనంతగిరి గుట్ట. సోషల్ మీడియాలో దీనికి ‘తెలంగాణ ఊటీ’ అని ఎప్పుడో పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టినవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఉడికి, గుట్ట మీద చెట్ల కింద దిగినవాడికి ఒళ్లు చల్లబడే మాట నిజమే. కానీ ఆ చలువను గుట్ట ఎత్తు ఇచ్చిందంటే మాత్రం లెక్క ఒప్పుకోదు.

గాలిని ఎండ నేరుగా కాచేది తక్కువ. ఎండకు నేల కాగుతుంది, నేలను తగిలిన గాలి కాగి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ దాన్ని నొక్కే ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అది వ్యాకోచిస్తుంది. అందుకు కావలసిన శక్తి దాని సొంత వేడిలోంచే ఖర్చవుతుంది. పొడిగాలి ఇలా కిలోమీటరు లేస్తే దాదాపు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. తేమగాలిలో ఆవిరి మబ్బుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది కనుక తగ్గుదల అంత ఉండదు. అన్నీ కలిపి కిలోమీటరుకు 6.5 డిగ్రీలని శాస్త్రజ్ఞులు సగటు లెక్క వేసుకుంటారు.

ఇప్పుడు ఊళ్ల ఎత్తులు పక్కపక్కన పెట్టి చూడండి. కోయంబత్తూరు 400 మీటర్ల పైచిలుకు, ఊటీ 2,240 మీటర్లు. తేడా దాదాపు పన్నెండు డిగ్రీలు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కి, ఇక దిగనని మొండికేసినంత పని చేశాడంటే ఆశ్చర్యం లేదు. మన రాయలసీమలో, కడప కలెక్టరు హార్స్‌లీ ముచ్చటపడి ఇల్లు కట్టుకున్న ఏనుగు మల్లమ్మ కొండ, అంటే నేటి హార్స్‌లీ హిల్స్, 1,265 మీటర్లు. కింద మదనపల్లె 700 దగ్గర ఉంది. అక్కడ మూడున్నర డిగ్రీలు గిట్టుబాటు. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంటే అనంతగిరి 700 అటూ ఇటూ. ఎటు లాగి చూసినా ఒక్క డిగ్రీ.

ఒక్క డిగ్రీ కోసం ఎవరూ అంత పెట్రోలు పోసుకుని రారు.

ఎత్తు మీద ఇంత మోజు ఎక్కడిదంటే, సగం తెల్లదొరల వైద్యం నుంచి వచ్చింది. మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని నమ్మిన రోజుల్లో కొండగాలి వాళ్లకు మందు. 1897లో వైద్యుడు రోనాల్డ్ రాస్ ఊటీ వెళ్లి, దాని దిగువన సిగూరు ఘాట్‌లో తానే మలేరియా తెచ్చుకున్నాడు. ఆ ఏడాదే ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. అంటే జబ్బును మోసేది గాలి కాదు, దోమ. దొరల అనుభవం తప్పు కాదు, కారణం తప్పు. పదహారు డిగ్రీల కన్నా చల్లగా ఉన్నచోట ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం క్రిమి దోమ ఒంట్లో ఎదగలేదు. కొండ మీద కాపాడింది గాలి స్వచ్ఛత కాదు, ఉష్ణోగ్రత.

కొండగాలే మందన్న ఆ నమ్మకమే క్షయ రోగుల విషయంలోనూ నడిచింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. అనంతగిరి మీద నిజాం కాలంలో క్షయ ఆసుపత్రి వెలిసింది. రోగిని ఊరికి దూరంగా, చెట్ల మధ్య, వరండాలో పడుకోబెట్టి, మంచి తిండి పెట్టి, విశ్రాంతినివ్వడమే చికిత్స. మందులు లేని కాలంలో అంతకన్నా చేయగలిగిందీ లేదు. మందులు వచ్చాక, మద్రాసులోని క్షయ చికిత్సా కేంద్రం రోగులను రెండు జట్లు చేసి, అవే మందులు ఒక జట్టుకు ఇరుకు ఇళ్లలో, ఇంకో జట్టుకు శానిటోరియంలో ఇచ్చి చూసింది. 1959లో ఫలితాలు బయటపెట్టారు. మందు సరిగా వేసుకుంటే ఇంట్లోనూ దాదాపు అదే గుణం! ప్రపంచమంతా శానిటోరియంలకు పని తగ్గడానికి మన పక్క ఊళ్లో జరిగిన ఈ పరీక్ష ఒక పెద్ద కారణం.

మరి ఒంటికి తగిలే ఆ చలువ? దాని జాడ గుట్ట ఎక్కకముందే, దారిలోనే దొరుకుతుంది. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు మొదలవుతాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న 46 కిలోమీటర్లలో దాదాపు తొమ్మిది వందలు. నిజాం కాలపు చెట్లు. మొదలుకు తెలుపూ ఎరుపూ పట్టీలు, రోడ్డు మీదికి వేలాడకుండా నరికేసిన ఊడల మొండెలు, పైన మాత్రం అటు కొమ్మా ఇటు కొమ్మా కలిసిపోయిన పందిరి.

ఆ పందిరి కిందికి బైకు మీద వచ్చినవాడికి ఐదారు డిగ్రీలు తగ్గినట్టనిపిస్తుంది. థర్మామీటరు పెడితే గాలిలో తేడా ఒకటి రెండు డిగ్రీలు మించకపోవచ్చు. రెండూ నిజాలే. నడివేసవి మధ్యాహ్నం ప్రతి చదరపు మీటరు మీదా పడే ఎండ దాదాపు వెయ్యి వాట్లు. పైగా 60 డిగ్రీలకు కాగిన తారు కింది నుంచి సెగ కొడుతుంది. మర్రినీడ ఈ రెండింటినీ ఒకేసారి కోసేస్తుంది. చర్మానికి తెలిసేది గాలి వేడి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న వస్తువులు కొట్టే సెగ కూడా.

ఆకులు ఇంకో పని కూడా చేస్తాయి. లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 0.68 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి. పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్లు ఆవిరి చేస్తుందనుకుందాం. అది గుంజుకునే వేడి 68 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ పన్నెండు గంటలకు పైగా ఆగకుండా నడిస్తే గదిలోంచి లాగేసే వేడి అంత. తేడా ఏమిటంటే ఏసీ ఆ వేడిని తెచ్చి వీధిలో పోస్తుంది, చెట్టు పోయదు. అయితే భూమిలో తడి లేకపోతే చెట్టు తన ఆకురంధ్రాలు మూసుకుని ఈ పని మానేస్తుంది. అనంతగిరి అడవి ఆకురాల్చే రకం, ఎండాకాలం మొదట్లో సగానికి సగం బోడిగా ఉంటుంది. కాబట్టి ‘ఊటీ’ అనే మాట వానలు పడ్డాకే చెల్లుతుంది. జులై నుంచి నవంబరు దాకా గుట్ట మీది ఎర్ర లాటరైట్ రాయి నీళ్లు తాగి ఉంటుంది, అడుగున ఊటలు పారతాయి. మూసీ పుట్టేది అక్కడే.

రాత్రి సంగతి ఇంకా తమాషా. చలికాలం పట్టికల్లో మొయినాబాద్ పేరు అట్టడుగు ఉష్ణోగ్రతల వరుసలో తరచూ కనిపిస్తుంది, కొన్ని తెల్లవారుజాముల్లో పది లోపుకు దిగుతుంది. పక్కనున్న నగరం కాంక్రీటు పగలు దాచిన వేడిని రాత్రంతా మెల్లగా వదులుతూ ఉంటే, ఇక్కడి బయలు పొలాలు తమ వేడిని సూటిగా ఆకాశంలోకి వదిలేస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి పల్లంలోకి జారి నిలుస్తుంది. గాలి వీచని అలాంటి రాత్రి, గుట్ట నెత్తి కన్నా పల్లపు పొలమే చల్లన. ఎత్తు లెక్క పూర్తిగా తలకిందులు.

అంటే ఇక్కడి చలువకు పునాది కొండ కాదు, చెట్టూ బయలూ. కొండ ఎక్కడికీ పోదు, ఇవి పోతాయి. 1908 మూసీ వరద తరవాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్‌ జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. భూమి ధర పెరగనివ్వలేదని రైతులకు దాని మీద కోపం, అదీ న్యాయమే. 2022లో ఆ ఆంక్షలు సడలించారు. ఇప్పుడు మొయినాబాద్ పొలాల్లో ప్రహరీలు ఎన్ని లేచాయో దారిన పోయేవాడికి కనిపిస్తూనే ఉంది.

రోడ్డు విస్తరణ మీద మర్రిచెట్ల గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఇరుకు రోడ్డు మనుషులను మింగుతోందన్నదీ కాదనలేం. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఘోరం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. రోడ్డు వెడల్పు కావాల్సిందే. కానీ చెట్ల వరసను మధ్యలో ఉంచి, రెండో దారిని దాని అవతల వేయడమే తెలివైన పని. మర్రిని పెకలించి వేరేచోట నాటితే బతకొచ్చు. కాకపోతే తరలించడానికి కొమ్మలన్నీ నరకాలి, ఆ పందిరి మళ్లీ అల్లుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

ఈసారి అటు వెళ్లేటప్పుడు ఒక మామూలు థర్మామీటరు వెంట ఉంచుకోండి. నగరంలో ఒక నీడ, చేవెళ్ల మర్రి కింద ఒక నీడ, గుట్ట మీద ఒక నీడ, వీలైనంత దగ్గర సమయాల్లో కొలిచి రాసుకోండి. ఎండలో మాత్రం పెట్టకండి. అక్కడది గాలి వేడిని కాదు, తన వేడిని చూపిస్తుంది.