'మైదాన్' కంటే ముందు ఒక కాలేజీ టీం

2024లో వచ్చిన 'మైదాన్' సినిమాని మనవాళ్లు చాలామంది ఇంట్లో కూర్చుని ఫోన్లోనే చూసేశారు. అజయ్ దేవ్‌గణ్ వేసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, దక్షిణ కొరియా మీద 2-1 గెలుపు - ఇదంతా ఇప్పుడు పిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ రహీమ్ సాబ్ ఆట నేర్చుకున్నది ఎక్కడ? కాలేజీ గ్రౌండులో. 1920ల చివర్లో ఆయన ఉస్మానియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీంలో ఆటగాడు.

ఆ కాలం కొంచెం గుర్తు చేసుకోవాలి. అప్పట్లో మన సంగం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. హైదరాబాద్ నిజాం రాజ్యం. పెన్నా ఒడ్డు నుంచి మూసీ ఒడ్డుకి వెళ్లడమంటే పాలనే మారిపోయేది. 1918లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెట్టిన ఉస్మానియాలో చదువు ఉర్దూలో సాగేది, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు. ఇవాళ మనం ఫొటోల్లో చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం అప్పటికి లేదు, అది తెరిచింది 1939లో. రహీమ్ కాలంలో క్లాసులు గన్‌ఫౌండ్రీ వైపు అద్దె భవనాల్లో జరిగేవి. సొంత భవనం లేని యూనివర్సిటీకి మంచి ఫుట్‌బాల్ టీం ఉండేదంటే కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక ఆట ఎలా ఉండేదో చూద్దాం. బంతి తోలుది, పైన లేసు కట్టి ఉండేది. వానలో తడిస్తే బరువెక్కేది, తలతో కొడితే నొప్పే. మన దేశంలో చాలామంది బూట్లు లేకుండా, మడమకి గుడ్డ చుట్టుకుని ఆడేవాళ్లు. 1911లో కలకత్తాలో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచినప్పుడు కూడా మనవాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతోనే ఉన్నారు. మధ్యలో ఒకడికి దెబ్బ తగిలితే బదులు ఇంకొకడిని దింపే రూలు లేదు. మిగిలిన పదిమందే లాక్కురావాలి.

టీం నిలబడే తీరు కూడా వేరు. వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు అయిదుగురు. ముందువాళ్లే సగం టీం అన్నమాట! దీన్ని దెబ్బ తీసింది 1925లో మారిన ఆఫ్‌సైడ్ రూలు. అంతకుముందు బంతి అందుకునేవాడికీ గోల్ లైనుకీ మధ్య ఎదుటి టీంవాళ్లు ముగ్గురు ఉండాలి. ముగ్గురిలో గోలీ ఒకడు కాబట్టి, ఒక్క బ్యాక్ ముందుకు జరిగితే చాలు, ఎదుటివాడు ఆఫ్‌సైడ్ అయిపోయేవాడు. 1925 నుంచి ఇద్దరుంటే చాలన్నారు. దాంతో గోల్స్ పెరిగాయి. ఇద్దరు బ్యాకులతో కాపు కాయడం కష్టమై, ఇంగ్లండు క్లబ్బులు మూడో బ్యాక్‌ని దింపాయి. 1909లో పుట్టిన రహీమ్‌కి అప్పుడు పదహారేళ్లు. కొత్త రూలుతోనే కాలేజీ ఆట ఆడిన తరం ఆయనది.

కాలేజీ టీంకి ఒక జబ్బుంటుంది, అది ఇప్పటికీ ఉంది. ఆట కుదిరేసరికి డిగ్రీ అయిపోతుంది, కుర్రాళ్లు వెళ్లిపోతారు. హైదరాబాద్‌లో దీనికి ఒక దారి దొరికింది. మూసీ పక్కన, హైకోర్టు దగ్గరున్న సిటీ కాలేజీ (1921లో హైస్కూలు, 1929లో కాలేజీ) విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి 'ఎలెవెన్ హంటర్స్' అనే టీంగా ఆడేవాళ్లు. రహీమ్ అందులోనూ ఆడారు, కమర్ క్లబ్‌కీ ఆడారు. చదువు ముగిసినా ఆట ఆగలేదు.

మన ఇళ్లల్లో ఆటంటే ఇప్పటికీ "బీఏ, బీకాం చేసి బంతి వెంట పరుగులేంట్రా" అనే మాటే ముందు వినిపిస్తుంది. రహీమ్ సాబ్ డిగ్రీ చేశారు, కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పారు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తెచ్చుకున్నారు. ఆయన కోచింగ్‌లో బడిపంతులి పద్ధతి కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ ఇవ్వాల్సిందే అని ఒక టోర్నమెంట్. బలం లేని కాలుతోనే తన్నాలని ఇంకొకటి. పొట్టివాళ్లకి మాత్రమే అని మరొకటి. పిల్లాడిలో ఏది తక్కువో దానికే పోటీ పెట్టేవారు.

ఫలితం అందరికీ తెలిసిందే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరండ్ కప్ గెలిచింది, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. కానీ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఇండియా యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. అప్పటికీ కొందరు ఉత్త కాళ్లే, వెనక ఇద్దరే. రహీమ్ సాబ్‌కి ఆ ఓటమి గట్టి పాఠం. మూడో బ్యాక్ వచ్చాడు, దేశం మొత్తానికీ బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఇండియా ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా జట్టులో హైదరాబాద్ నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు. ఆ మరుసటి ఏడు జూన్ 11న రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో ఇంతకాలు చేశారు.

ఆయన పెట్టిన టోర్నమెంట్లు మాత్రం సంగం బడి గ్రౌండులో ఈ ఆదివారం కూడా పెట్టుకోవచ్చు. ఒక బంతి కావాలి. కుడికాలితో తన్నితే ఫౌల్ అని ముందే చెప్పాలి, ఈల ఊదడానికి ఏ పిల్లాడి మామూనో నిలబెట్టాలి.