మాటిమాటికి మరల మొదలగు కంప్యూటరు

స్విచ్చి వేయగానే ఫ్యాను తిరుగును. తెర క్షణకాలము వెలుగును. అంతలో ఆరిపోయి కంప్యూటరు మరల మొదటికి వచ్చును. ఇట్లు నాలుగైదు మారులు జరిగినచో యంత్రము పూర్తిగా చెడెనని ఇంటివారు తలంతురు. కాని ఇట్లు ఆగుట పెక్కుసార్లు యంత్రము తన్ను తాను కాపాడుకొను ఉపాయమే. వరుసగా వెదకినచో కారణము తరచుగా చిన్నదియే అయి యుండును.

యంత్రము ఏ ఘట్టమున ఆగుచున్నదో మొదట గమనింపవలెను. విండోస్ గుర్తు కనబడక మునుపే ఆగినచో విద్యుత్తునో, లోపలి పరికరములనో శంకింపవలెను. కనబడిన పిమ్మట ఆగినచో హార్డుడిస్కును, అందలి ఫైళ్లను గూడ చూడవలసి యుండును.

రాయలసీమ పల్లెలలో మొదటి అనుమానము విద్యుత్తుపైననే. బోరుబావి మోటారు కదలునపుడు మామూలుకంటె ఎన్నో రెట్లు కరెంటును లాగును. 230 వోల్టులుండవలసిన వోల్టేజి పడిపోవును. కంప్యూటరులోని పవరుసప్లయి ఆ విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి, అంతయు సరిగా నున్నదని సంకేత మిచ్చిన పిదపనే మదరుబోర్డు పని ప్రారంభించును. ఆ సంకేతము తప్పెనా, అంతయు మరల మొదలే. కావున వేరొక ప్లగ్గులో పెట్టి చూడుడు. అనువైన వేరొక పవరుసప్లయి దొరికినచో మార్చి చూచుట మేలైన పరీక్ష. దాని పెట్టెను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను అందలి కెపాసిటర్లలో ప్రమాదకరమగు విద్యుత్తు నిలిచి యుండవచ్చును.

రెండవది వేడిమి. కర్నూలు, కడపలలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటుట వాడుకయే. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వంటి నాపరాతి సీమలలో సన్నని రాతిపొడి ప్రాసెసరు మీది లోహపు రెక్కల నడుమ పేరుకొనును. గాలియాడక ప్రాసెసరు 100 డిగ్రీల దాపునకు కాగినచో యంత్రము తానుగా ఆగిపోవును. ప్లగ్గు తీసి, ఫ్యాను తిరుగకుండ పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుడు.

మూడవది ర్యాము. దానిని తీసి, బంగారుపూత అంచును మెత్తని రబ్బరుతో తుడిచి, మరల గట్టిగా బిగింపుడు. రెండున్నచో ఒక్కొక్కదానినే యుంచి పరీక్షింపుడు. ముట్టుకొనుటకు ముందు ఇనుపపెట్టెను తాకినచో చేతనున్న స్థిరవిద్యుత్తు పోవును.

ఇన్ని చేసినను గుణము కనబడనిచో, కొందరు వెంటనే విండోసును క్రొత్తగా ఎక్కింతురు. ఇది తొందరపాటు. డిస్కును ఫార్మాటు చేసినచో అంగడి లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు, పెండ్లి ఫొటోలు పోవును. ముందుగా డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించి వానికి నకలు తీసికొనుడు. డిస్కు టకటకమని చప్పుడు చేయుచో మరల స్విచ్చి వేయక నిపుణునికే అప్పగింపుడు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమమొకటి కలదు. ఒక్కమారు ఒక్కదానినే మార్చి చూడవలెను. నాలుగింటిని ఒకేసారి మార్చినచో యంత్రము బాగుపడినను దోషమేదో తెలియదు; అక్కరలేని వస్తువు కొరకు ధనము వ్యయమగును.